టీచరమ్మ ఫ్రిజ్‌లో నా బ్యాక్టీరియా

కడుపు నొప్పిని కడుపు నొప్పి అని చెప్పడానికి సిగ్గుపడి, ఒక మనిషి తన చుట్టూ ఉన్న మంచివాళ్లందరినీ దూరం చేసుకుని, చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం తార్నాకలో పరాయివాళ్ల బాత్‌రూములో తలదాచుకున్నాడంటే మీరు నమ్మకపోవచ్చు. ఆ మనిషిని నేనే కాబట్టి నాకు నమ్మక తప్పడం లేదు. పరువు పోవడం ఎలాగో నేర్చుకోవాలనుకునేవాళ్లు కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

నా పేరు ఓబుల్‌రెడ్డి. మాది ప్రొద్దుటూరు దగ్గర. అప్పట్లో యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నాను అని మర్యాదకి అంటున్నాను గానీ, ఆ రోజుల్లో నా అసలు పరిశోధనంతా క్యాంపస్‌లో ఏ బిల్డింగులో ఏ బాత్‌రూముకి గడియ పడుతుంది, దేంట్లో నీళ్లొస్తాయి అన్నదాని మీదే జరిగేది. ఆ సబ్జెక్టులో అయితే నాకు డాక్టరేట్ ఎప్పుడో ఇచ్చేయాల్సింది.

నా కడుపుకి ఒక పద్ధతంటూ లేదు. కొన్నాళ్లు బంద్ పాటించేది, కొన్నాళ్లు పరుగులు పెట్టించేది. మధ్యలో ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి. మసాలా పడదు, పాలు పడవు, మైదా పడదు, ఉల్లిపాయ పడదు, మా గైడ్ గారి ఫోను అసలే పడదు. సెమినార్ ఉన్న రోజు నాకంటే ముందు అది నిద్రలేచేది. అందుకని క్యాంటీన్‌కి పోవడం మానేశాను. ఎవరైనా బిర్యానీకి రమ్మంటే పనుందనేవాణ్ణి. స్నేహితుల పెళ్లిళ్లకి బస్సు మాట్లాడారంటే, బస్సులో బాత్‌రూము ఉండదు కాబట్టి, నాకు జ్వరమొచ్చేది. లైబ్రరీలో తలుపు పక్క కుర్చీ నాది. అందరూ నేను గాలి కోసం కూర్చుంటాననుకునేవాళ్లు. గాలి సంగతి నేనెందుకు చెప్తాను.

యాదగిరి అని నాతోపాటు ఒకే గైడ్ దగ్గర చేసేవాడు. క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో వాళ్లిల్లు. మొదట్లో పండగ పండగకీ పిలిచేవాడు.

"అన్నా, బోనాలకు రా. అమ్మ నిన్ను తీస్కరమ్మన్నది."

"ఈసారికి కాదులే యాదగిరీ, ఇంకోసారి వస్తా."

ఇంకోసారీ అదే మాట, ఆ పైసారీ అదే. కొన్నాళ్లకి అతను అడగడం మానేశాడు. హమ్మయ్య అనుకున్నాను. నా తెలివి అట్లాంటిది.

హాస్టల్ గడువు అయిపోయాక తార్నాకలో ఒక సందులో మేడమీద గది తీసుకున్నాను. కింద ఇంటావిడ గ్రేసమ్మ గారు. బాపట్ల వైపు వాళ్లు. చర్చి వాళ్ల బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త రైల్వేలో క్లర్కుగా చేసేవారట, పోయారు. కూతురు మల్కాజ్‌గిరిలో ఉంటుంది. కింద ఆవిడ ఒక్కరే, పైన నేనొక్కణ్ణే. మధ్యలో ఒక మెట్ల వరస.

నేను చేరిన మొదటి ఆదివారం ఆవిడ ఆ మెట్లెక్కి, ఆయాసపడుతూ, ప్లేటు పట్టుకుని వచ్చారు.

"ఓబులు బాబూ, ఆదివారం పూట ఒక్కడివీ ఏం వండుకుంటావు. గారెలు, కోడికూర. వేడిగా ఉన్నాయి, తినేయ్."

గారెలు చూడగానే నోరు ఒప్పుకుంది. కడుపు ఒప్పుకోలేదు. అమ్మా, నాకు పేగుల జబ్బుంది అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. కానీ పెద్దావిడ, పైగా పరిచయమై వారం కాలేదు. ఆవిడ దగ్గర విరేచనాల ప్రస్తావన ఎలా తేవడం? గౌరవంగా వినిపించే మాట కోసం వెతికాను. దొరికింది.

"వద్దండీ. మాకు నియమం ఉంది."

"ఏం నియమం బాబూ?"

"బయట తినమండీ. ఇంటి నియమం. మొదట్నుంచీ."

చూశారా, మాకు అన్నాను. నాకు అని ఉన్నా బతికిపోయేవాణ్ణి. బహువచనంలో చెబితే హుందాగా ఉంటుందనుకున్నాను. ఆవిడ ప్లేటు వైపు చూశారు, నా వైపు చూశారు, ప్లేటు మీద మూత సర్దారు.

"సరే బాబూ" అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

క్రిస్మస్ వచ్చింది. ఈసారి ఒక కేకు తెచ్చారు, అట్టపెట్టెతో సహా.

"ఇది నేను చేసింది కాదు బాబూ. బేకరీది. పెట్టె కూడా విప్పలేదు. ఇదైనా తీసుకుంటావా?"

ఇప్పుడు తలచుకుంటే ఆ మాట గొంతులో ముల్లులా దిగుతుంది. అప్పుడు మాత్రం నాకు కనబడింది ఒక్కటే: మైదా, పాలు, వెన్న. నా శత్రువులంతా ఒకే పెట్టెలో కలిసికట్టుగా వచ్చారు.

"అది కూడా కుదరదండీ" అన్నాను, మహా వినయంగా.

ఆ తర్వాత ఆవిడ పిలుపు మారింది. ఓబులు బాబు పోయి రెడ్డిగారు వచ్చింది. "రెడ్డిగారూ, నీళ్ల మోటారు వేశాను." "రెడ్డిగారూ, మీకు కొరియర్ వచ్చింది." నా నడవడిక చూసి ఆవిడకి నామీద గౌరవం పెరిగిందనుకున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా అమ్మకి కూడా చెప్పాను, ఇక్కడ ఓనరమ్మ నన్ను గారు అంటుందని.

కానీ ఆ గారు వచ్చినప్పట్నుంచీ మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. ఆదివారాలు చర్చి నుంచి ఆవిడ స్నేహితురాళ్లు వచ్చేవాళ్లు. పులుసు వాసనా, నవ్వులూ కలిసి కిటికీలోంచి పైకొచ్చేవి. నేను మంచం మీద కూర్చుని మజ్జిగన్నం కలుపుకుని, ఆ నవ్వులు నంజుకుని తినేవాణ్ణి. తిన్నాక గిన్నె కడగడం, మళ్లీ సోమవారం కోసం చూడటం. సోమవారమైతే కనీసం లైబ్రరీలో సంతకం పెట్టే దగ్గర ఎవరో ఒకరు నా పేరు చదువుతారు.

వేసవిలో నొప్పి ఎక్కువై, పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ రిపోర్టులన్నీ తిరగేసి, "మీ పేగుల్లో పుండ్లు లేవు, వాపు లేదు. చూడ్డానికి చక్కగా ఉన్నాయి" అన్నారు.

ఇంతకాలానికి నాలో ఏదో ఒకటి చక్కగా ఉందన్నారు. సంతోషపడే లోపలే ఆవిడ, "పనితీరులోనే తేడా. దీన్ని ఐబీఎస్ అంటాం. పేగుకీ మెదడుకీ మధ్య మాట సరిగ్గా కుదరడం లేదు" అన్నారు.

"మందుందాండీ?"

"పేగుల్లో మనకి మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. ఈ క్యాప్సూల్స్‌లో అలాంటివి బతికి ఉంటాయి. కొందరికి ఉబ్బరం, నొప్పి తగ్గుతాయి. కొందరికి ఏ తేడా ఉండదు. ఒక నెల వాడి చూద్దాం, తేడా లేకపోతే ఆపేద్దాం."

"బతికి ఉంటాయంటే?"

"బతికే ఉంటాయి. అందుకే ఈ రకాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ఎవరూ లేరండీ."

"భోజనం ఎవరితో చేస్తారు?"

"ఎవరితోనూ చేయను."

ఆవిడ కాసేపు నా మొహం చూసి, "వేళకి తినండి. వీలైతే నలుగురితో కలిసి తినండి. అది కూడా మందే" అన్నారు.

నలుగురి సంగతి తర్వాత, ముందు ఫ్రిజ్ ఏదీ? నా గది పైన స్లాబు తప్ప ఇంకేం లేదు. మధ్యాహ్నం పూట నేలమీద కాలు పెడితే పెనం మీద అట్టు గుర్తొచ్చేది. క్యాప్సూల్ డబ్బాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మంచినీళ్ల కుండలో వేలాడదీశాను. లైబ్రరీలో కూర్చున్నానన్న మాటే గానీ మనసంతా కుండ దగ్గరే. లోపల అన్ని కోట్ల ప్రాణాలు, నన్ను నమ్ముకుని వచ్చాయి, ఈ ఎండకి ఎలా ఉన్నాయో ఏమో అని. ఆ ఊళ్లో నేను ఇంటికెళ్లి క్షేమం కనుక్కోవాల్సిన వాళ్లు ఇంకెవరూ లేరు మరి.

చివరికి ధైర్యం చేసి గ్రేసమ్మ గారి తలుపు తట్టాను.

"అమ్మా, చిన్న సాయం. ఈ మందు మీ ఫ్రిజ్‌లో పెట్టుకోనిస్తారా?"

"ఏం మందు రెడ్డిగారూ?"

"విటమిన్లండీ" అన్నాను. చూశారా, అప్పుడు కూడా.

ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"మా ఫ్రిజ్‌లో చేపల కూర ఉంది. మా చేతులతో ముట్టుకున్న గిన్నెలున్నాయి. వాటి పక్కన పెడితే మీ మందుకి మైల అంటుకోదా?"

పాఠకులారా, నా బుర్రలో ఆ క్షణాన బ్యాక్టీరియా తప్ప ఇంకేం లేదు. మైల అంటే క్రిములనుకున్నాను. పాపం, పెద్దావిడ శుభ్రత గురించి ఎంత శ్రద్ధగా అడుగుతున్నారో అనుకున్నాను.

"లేదమ్మా, సీల్ ఉంది. మీదేదీ దీనికి అంటదు" అని భరోసా ఇచ్చాను.

ఆవిడ తలుపు మూశారు. గట్టిగా వేసి ఉంటే కోపమనుకునేవాణ్ణి. చప్పుడు కాకుండా మూశారు.

మర్నాడు లైబ్రరీ బయట రాతి అరుగు మీద యాదగిరికి ఇదంతా చెప్పాను. ఓనరమ్మకి ఈమధ్య మతి కాస్త స్థిమితంగా లేదేమో అని కూడా అన్నాను. యాదగిరి మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపేశాడు.

"అన్నా, గింత సదువుకున్నవ్. నువ్వేమన్నవో నీకు సమజైందా?"

"ఏమన్నాను?"

"పేరు చివర రెడ్డి అని ఉన్నది. ఆమె చర్చికి పోతది. బువ్వ పెడితే మాకు నియమం అన్నవ్. పెట్టె గూడ ఇప్పని కేకు తెస్తే వద్దన్నవ్. మైల అంటదా అంటే, మీదేం అంటదు, సీలున్నది అన్నవ్. ఆమె ఏమనుకుంటది?"

అరుగు మీంచి లేచి నిలబడ్డాను.

"ఛ ఛ, నాకట్లాంటివి లేవు. ఆమెకి తెలీదనుకో, నీకు తెలుసు కదా."

యాదగిరి చేతిలో నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. "నాకెట్ల తెలుస్తది అన్నా? మా ఇంటికి గూడ ఎన్నడు రాలే. అమ్మ అడిగి అడిగి ఊకున్నది. నేను గూడ గదే అనుకున్న."

"మరి నాతో ఎందుకు తిరుగుతున్నావ్?"

"తిరుగుడు వేరే, తినుడు వేరే. గది నాకు చిన్నప్పటి సంది అలవాటే."

అతను ఆ మాట మామూలుగా, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. అప్పుడు చెప్పాను, మొదటిసారి, మొత్తం. బంద్‌లూ, పరుగులూ, తలుపు పక్క కుర్చీ రహస్యమూ, కుండలో వేలాడుతున్న ప్రాణులూ, అన్నీ.

అంతా విని, "గంతేనా? గిది ముందుగాల చెప్తే అమ్మ పత్తెం కూర చేస్తుండె కదన్నా" అన్నాడు.

అంతే. అన్నేళ్లు నేను దాచుకున్న దానికి విరుగుడు ఒక పత్తెం కూర.

"మరి టీచరమ్మకి ఏం చెప్పాలి?"

"నాకు చెప్పినట్లే చెప్పు. ఇంక ఉపన్యాసం ఇయ్యకు."

ఆ ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చేదాకా ఆగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగాను. గ్రేసమ్మ గారు తలుపు తీశారు. వెనక హాల్లో ఆవిడ స్నేహితురాళ్లు ప్లేట్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. దీని గురించి నేను ఆలోచించలేదు.

"ఏం రెడ్డిగారూ?"

"భోజనానికి వచ్చానండీ."

"నేను పిలవలేదే."

"అవునండీ. పిలిచినప్పుడు రాలేదు కదా, అందుకని పిలవనప్పుడు వచ్చాను."

వాళ్లలో పెద్దావిడ, మార్తమ్మ గారట, మైకు అవసరం లేని గొంతు. "ఇతనేనా గ్రేసూ, పై అబ్బాయి?" అని అడిగారు. ఆ అడిగిన తీరులోనే నా చరిత్ర ఆ హాల్లో చాలాసార్లు చదివారని అర్థమైంది. అన్ని కళ్లూ నామీదే. రాత్రంతా వల్లెవేసుకున్న మాటలు ఎటుపోయాయో పోయాయి. నోరు తెరిస్తే ఇది వచ్చింది:

"కులం కాదండీ. పేగులు."

గరిటె పట్టుకున్నావిడ గరిటె అట్లాగే పట్టుకుని ఉండిపోయింది.

"ఏంటీ?" అన్నారు గ్రేసమ్మ గారు.

"నా పేగులండీ. ఐబీఎస్ అంటారు. మసాలా తింటే పరిగెత్తాలి. మీతో చెప్పడానికి సిగ్గేసి నియమం అన్నాను. కేకులో మైదా ఉందని వద్దన్నాను. ఆ డబ్బాలో విటమిన్లు కావు, బ్యాక్టీరియా. బతికున్నవి. వేడికి చచ్చిపోతున్నాయి. మీరు మైల అంటే క్రిములనుకున్నాను. నాకు నిజంగా తెలీదమ్మా."

గ్రేసమ్మ గారు నన్ను అలాగే చూస్తూ ఉన్నారు. ఆవిడ కళ్లలో ఏముందో నాకు అందలేదు. కోపమా, ఇంకేదైనానా. చివరికి పక్కకి జరిగి, "చెప్పులు అక్కడ విప్పి కూర్చో" అన్నారు. గారు పోయింది, కూర్చోండి కూడా పోయింది. నాకు కావలసింది అదే.

ఇక్కడ తెలివైనవాడైతే అన్నంలో మజ్జిగ పోయించుకుని బయటపడేవాడు. నేను తెలివైనవాణ్ణి కానని మీకీపాటికి తెలిసే ఉంటుంది. చేపల పులుసు వడ్డించుకున్నాను. మళ్లీ వడ్డించుకున్నాను. గారెలు నంజుకున్నాను. ప్రతి ముద్దా ఒక క్షమాపణ అనుకుని మింగాను.

"చాలు బాబూ, నీకు పడదన్నావుగా."

"పడుతుందండీ."

పడలేదు. ఆఖరి గారె ఇంకా నోట్లో ఉండగానే లోపల పిలుపు వచ్చింది. మేడమీదికి వెళ్లే వ్యవధి లేదు. హాలుకి ఆనుకుని ఉన్న బాత్‌రూములోకి దూరి గడియ పెట్టుకున్నాను. ప్లైవుడ్ తలుపు. దాని అవతల మాటలు నాకు వినబడుతున్నాయంటే, ఇవతలి సంగతులు వాళ్లకీ వినబడుతున్నాయనే కదా.

కాసేపటికి మార్తమ్మ గారి గొంతు లేచింది.

"సోదరీలారా, కళ్లు మూసుకోండి. ప్రభువా, నీ బిడ్డ ఓబుల్‌రెడ్డి పేగులను నీ చేతికి అప్పగిస్తున్నాము."

"ఆమెన్" అన్నారు అందరూ.

"అందులో రేగిన తుఫానును అణచుము తండ్రీ."

"ఆమెన్."

"అతడు మింగబోయే ఆ చిన్న ప్రాణులను కూడా చల్లగా కాపాడుము తండ్రీ."

"ఆమెన్."

లోపల కూర్చున్న నేను ఆమెన్ అనాలా వద్దా? ఆ భంగిమలో అనవచ్చో లేదో నాకు చెప్పేవాళ్లు లేరు. అనకపోతే మళ్లీ ఏమనుకుంటారో అని భయమేసింది. లోపల్నించే గట్టిగా "ఆమెన్" అన్నాను.

బయట ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, హాలంతా పగలబడి నవ్వింది. అన్నిటికంటే పెద్ద నవ్వు గ్రేసమ్మ గారిదే. ఇన్నాళ్లూ కిటికీలోంచి విన్న ఆ నవ్వు తలుపు అవతల అంత దగ్గరగా వింటుంటే నాకూ నవ్వొచ్చింది. నవ్వుతుంటే కడుపు మళ్లీ పట్టుకుంది. ఆ మధ్యాహ్నం చాలా పొడుగైంది.

మర్నాటి నుంచి నా బ్యాక్టీరియా టీచరమ్మ ఫ్రిజ్‌లో, పై అరలో, కోడిగుడ్ల పక్కన కాపురం పెట్టింది. ఉదయం కిందికి దిగగానే "మీ వాళ్లు కులాసాగానే ఉన్నారు, తీసుకో" అని డబ్బా అందించేవారు. ఉల్లిపాయ లేని పప్పు, సొరకాయ కూర, పల్చటి మజ్జిగ, ఆవిడ టేబుల్ మీదే తినేవాణ్ణి. మాణికేశ్వర్ నగర్‌లో యాదగిరి అమ్మ పెట్టిన పత్తెం కూర కూడా తిన్నాను. ఆవిడ నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "ఇన్ని దినాలు ఇట్ల రాకపోతివి గద బిడ్డా" అని ఒక్కమాట అని వదిలేసింది. నెల తిరిగేసరికి ఉబ్బరం బాగా తగ్గింది. నొప్పి కొంత తగ్గింది. పరుగులు మాత్రం అప్పుడప్పుడూ ఉండేవి.

"మందు వల్లేనంటారా?" అని డాక్టరమ్మని అడిగాను.

"కావచ్చు. వేళకి తినడం వల్ల కావచ్చు. కచ్చితంగా చెప్పలేను" అన్నారు. అంత నిజాయితీగా మాట్లాడే మనిషి దగ్గర ఇంకేం అడుగుతాం.

ఆ చలికాలం గ్రేసమ్మ గారికి మోకాళ్లు మొరాయించాయి. కూతురు వచ్చి మల్కాజ్‌గిరి తీసుకెళ్లిపోయింది. కింది వాటాకి తాళం పడింది. నేను యాదగిరి దగ్గర్నుంచి ఒక పాత ఫ్రిజ్ తెచ్చుకున్నాను. అందులో సీసాడు నీళ్లు, సగం నిమ్మకాయ. యాదగిరికి కరీంనగర్‌లో కాలేజీ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఆదివారం కిటికీ తెరిచినా వాసన రాదు. మళ్లీ మొదటికే వచ్చాను, కాకపోతే ఈసారి ఏం పోయిందో తెలిసి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం తార్నాక బస్టాపులో నిలబడి ఉన్నాను. చుట్టూ మా డిపార్ట్‌మెంట్ జూనియర్లు, అమ్మాయిలు కూడా. రోడ్డు అవతల షేర్ ఆటోలోంచి ఒక తల బయటికొచ్చింది. మార్తమ్మ గారు.

"ఓబుల్‌రెడ్డీ, మోషన్ ఎలా అవుతోంది బాబూ?"

బస్టాపు బస్టాపంతా నావైపు తిరిగింది. సిగ్నల్ దగ్గర ఆగిన బైకు మీది మనిషి హెల్మెట్ అద్దం పైకెత్తి మరీ చూశాడు. పాత ఓబుల్‌రెడ్డి అయితే అట్నుంచి అటే ప్రొద్దుటూరు పోయేవాడు. కానీ ఆ వారమంతా ఎలా ఉన్నావని నన్ను అడిగిన మనిషి ఇంకెవరూ లేరు. అందుకని రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, రోడ్డు అవతలికి వినబడేలా, మొన్నటి నుంచి ఈ ఉదయం దాకా వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా తలూపుతూ విని, "దానిమ్మ తొక్క కషాయం తాగు" అని వెళ్లిపోయారు. ఈ లోపల నా బస్సు కూడా వెళ్లిపోయింది.

ఆ బస్టాపు సాక్షిగా, అక్కడున్న జూనియర్లు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ గౌరవమైన మాట వెతికి నా కడుపుకి అడ్డం పెట్టను. ఎవరు విస్తరి వేసినా, ఏ ఇంటర్వ్యూలో ఏ పెద్దమనిషి బిస్కెట్ అందించినా, ముందు నా పేగుల సంగతి చెప్పి ఆ తర్వాతే నా పేరు చెబుతాను.

మాట తప్పలేదు. మొన్న పెళ్లిచూపుల్లో జంతికలు తెచ్చిన అమ్మాయికి అలాగే చెప్పాను. వాళ్లింకా ఫోన్ చేయలేదు.